మిగిలిన పద్నాలుగు మాత్రలు

మా మేనత్త చుట్ట కాలిస్తే నిప్పు నోటి లోపల ఉండేది. అడ్డపొగ అంటారు మా వైపు. భీమిలి నుంచి శ్రీకాకుళం దాకా సముద్రపు ఒడ్డు పల్లెల్లో పెద్దవయసు ఆడవాళ్ళకి ఆ అలవాటు ఇంకా ఉంది. గాలికి చుట్ట ఆరిపోదనీ, బూడిద ఒళ్ళో పిల్ల మీదా చేపల గంపలోనూ పడదనీ చెప్పేవాళ్ళు. ఆ సెగంతా అంగిటికి తగులుతుంది. పిండ్‌బోర్గ్ అనే డెన్మార్క్ వైద్యుడూ మన దేశపు వైద్యులూ కలిసి శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది నోళ్ళు పరీక్షించి, అడ్డపొగ వల్ల అంగిట్లో వచ్చే మచ్చల గురించి 1971లోనే రాశారు. ఆ సంగతి నాకు తెలిసేసరికి మా అత్త అంగిట్లో రూపాయి బిళ్ళంత కన్నం పడింది.

మా అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగి చేపలమ్మి నన్ను టీచర్ ట్రైనింగ్ దాకా చదివించింది. 2021లో జబ్బు బయటపడింది. రేడియేషన్ ఆరోగ్యశ్రీలో అయింది. ఆరు నెలలు బాగానే తిరిగింది. 2022 ఎండాకాలంలో కుడి బుగ్గ వాచింది. వాచిన చోట పుండు పడి పైకి తెరుచుకుంది. అప్పటిదాకా చూపిస్తున్న ఆసుపత్రిలో ఫైలు మూసి నా చేతికిచ్చారు. "ఇంక చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్ళిపోండి" అన్నారు. చీటీ మీద ఒక నొప్పి మాత్ర, ఒక గ్యాసు మాత్ర, ఒక బలం మందు రాశారు. ఆటోలో అత్త నా భుజానికి తల ఆన్చుకుంది. చేసేదేం లేదన్న మాట ఆ రోజు నేను నమ్మాను.

తరవాత పదకొండు రాత్రులు మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. పడుకుంటే నొప్పి చెవిలోకి ఎక్కేది అత్తకి. అందుకని నులక మంచం మీద కూచుని, పట్టె పట్టుకుని, ముందుకీ వెనక్కీ ఊగేది. గట్టిగా ఏడుద్దామంటే దవడ తెరుచుకోదు. ఊగినప్పుడల్లా గొంతులోంచి సన్నటి మూలుగు. ఆ మూలుగు వినలేకపోయేవాళ్ళం, ఆగితే లేచి పరిగెత్తేవాళ్ళం. పన్నెండో రోజు తెల్లారగట్ల నా చెయ్యి పట్టుకుంది. అంగిట్లో కన్నం వల్ల మాటంతా ముక్కులోంచి వస్తోంది. "ఓర్సుకోనేకపోతన్నాన్రా బాబూ. సముద్రంలో ఒగ్గీరా నన్ను" అంది.

ఆ రోజు బడికి సెలవు పెట్టి, గట్టి నొప్పికి ఇచ్చే మార్ఫిన్ కోసం పట్నంలో ఎనిమిది మందుల షాపులు తిరిగాను. మార్ఫిన్ అన్న మాట వినగానే ఒకాయన నన్ను కిందనించి పైదాకా చూసి, "మాది అలాంటి షాపు కాదండీ" అన్నాడు. ఆయన తప్పేం లేదు. 1985లో మత్తుమందుల చట్టం వచ్చాక ఆసుపత్రులే మార్ఫిన్ ఉంచుకోవడానికి జంకాయి. ఒక్క మందు కోసం ఎన్నో లైసెన్సులు తెచ్చుకోవాల్సి వచ్చేది. 2014లో చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన వైద్యసంస్థ ఒక్క అనుమతితో దాన్ని ఉంచుకోవచ్చన్నారు. అయినా భయం పోలేదు, అక్కర్లేదన్న ఉదాసీనతా పోలేదు. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ పొలాల్లో ప్రభుత్వమే లైసెన్సు ఇచ్చి నల్లమందు పండిస్తుంది. మార్ఫిన్ వచ్చేది దాన్నించే. ఆ పంట పండే దేశంలో మా అత్త మంచం పట్టె పట్టుకుని ఊగుతోంది. ఈ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు, తగ్గాలని కూడా అనుకోవడం లేదు.

మా బళ్ళో లెక్కల మాస్టారు తన తండ్రికి అగనంపూడిలో మందు దొరికిందని చెప్పారు. అక్కడ టాటా వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. మా వీధి కుర్రాడి ఆటోలో, వెనక సీటులో దిళ్ళు సర్ది తీసుకెళ్ళాం. పాలియేటివ్, అంటే సాంత్వన చికిత్స విభాగంలో డాక్టరమ్మ ఫైలు తెరవకముందే అడిగింది, "రాత్రి ఎన్ని గంటలు పడుకుంటున్నారు?" అని. అంతవరకూ ఏ ఆసుపత్రిలోనూ మమ్మల్ని ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. నాకు జవాబు రాలేదు. మా ఆవిడే చెప్పింది.

10 మిల్లీగ్రాముల మార్ఫిన్ మాత్రలు, సగానికి విరిచి మొదలుపెట్టమన్నారు. పొద్దున ఆరు, పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు. రాత్రి పదింటికి మాత్రం రెట్టింపు, రెండింటికి లేపక్కర్లేకుండా. నొప్పి వచ్చాక వేసే మందు కాదిది, గడియారం చూసి వేసేది అని మూడుసార్లు చెప్పించుకున్నారు. మార్ఫిన్‌తో మలబద్ధకం తప్పదు కాబట్టి విరేచనం మాత్ర కూడా రాశారు. మొదటి మూడు రోజులకి వాంతి మాత్ర. మింగడం అప్పటికే పోయింది, తాగిన గంజి ముక్కులోంచి వచ్చేస్తోంది. ముక్కు నుంచి పొట్టలోకి రైల్స్ ట్యూబు వేశారు. మాత్ర నూరి నీళ్ళలో కలిపి అందులోంచి పంపాలి. కాకినాడ నుంచి వచ్చిన మా వదిన, అంటే అత్త కూతురు, గుమ్మం దగ్గర నన్ను పక్కకి పిలిచి, "మత్తుకి అలవాటు పడిపోద్దేటిరా?" అని అడిగింది. నొప్పికి సరిపడా కొలిచి ఇస్తే అలా జరగడం చాలా అరుదని డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. బతికినన్నాళ్ళు నొప్పి లేకుండా ఉండడం ముఖ్యమా, ఆ భయం ముఖ్యమా అని కూడా అడిగింది.

ఆ రాత్రి పదింటికి మందు పోశాను. పదకొండు కాకముందే అత్త మంచం పట్టె వదిలేసింది. పన్నెండు రోజుల తరవాత మొదటిసారి వెల్లకిలా పడుకుంది. నేను ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూస్తూ కూచున్నాను. మా ఆవిడ గుమ్మానికి ఆనుకుని కూచున్నది కూచున్నట్టే నిద్రపోయింది. అత్త పొద్దున ఐదున్నరకి కళ్ళు తెరిచి, "వాన పడిందేటి?" అంది. రాత్రంతా కుండపోతగా పడింది. ఆవిడకి వినపడలేదు.

నాలుగో రోజు నుంచి ఇంటికి నర్సమ్మ రావడం మొదలుపెట్టింది. పట్నంలో ఒక సేవాసంస్థ తరఫున వారానికి రెండుసార్లు, స్కూటీ మీద. మొదటిరోజే బుగ్గ మీద గుడ్డ తీసి చూసింది. పుండులో పురుగులు. నేను వెనక్కి అడుగు వేశాను, అది అత్త చూసింది. నర్సమ్మ మొహంలో ఏ మార్పూ లేదు. గాజుగుడ్డని టర్పెంటైన్ నూనెలో తడిపి పుండు అంచున పెట్టింది. ఆ వాసనకి అవి ఒక్కొక్కటీ పైకి వస్తుంటే చిమటాతో తీసి పళ్ళెంలో వేసింది. గంటన్నర పట్టింది. తీస్తున్నంతసేపూ అత్తతో చేపల ధర మాట్లాడింది. వంజరం కిలో ఎంత, మీ కాలంలో ఎంత అని. తరవాత ఉప్పునీళ్ళతో కడిగి, మెట్రోనిడజోల్ మాత్రలు పొడి చేసి పుండు మీద పల్చగా చల్లింది. "ఇది రోజూ మీరు చెయ్యాలి మాస్టారూ. మూడు రోజుల్లో వాసన తగ్గుతుంది, పిల్లల్ని మళ్ళీ దగ్గరికి రానివ్వండి" అంది. మూడు రోజుల్లోనే తగ్గింది. అప్పటిదాకా చీర కొంగు మొహం మీంచి తియ్యని అత్త, మా చిన్నది మంచం ఎక్కితే కొంగు పక్కకి జరిపింది.

ఆ మొదటిరోజు నర్సమ్మ చేసిన ఇంకో పని ఉంది. చేతులు కడుక్కుని, అత్త మంచం అంచునే కూచుని, మా ఆవిడ ఇచ్చిన టీ తాగింది. గుమ్మం బయట నలుగురైదుగురు ఆడవాళ్ళు చూస్తున్నారు. క్యాన్సర్ అంటుకుంటుందని మా వీధిలో చాలామంది నమ్మకం. అత్తతో ముప్పై ఏళ్ళు గంపలు మోసిన వాళ్ళు కూడా గుమ్మం దగ్గరే నిలబడి, "ఎలాగున్నాదమ్మా అప్ప?" అని అడిగి వెళ్ళిపోయేవాళ్ళు. వాళ్ళకి ప్రేమ లేక కాదు. లోపలికి వస్తే ఏం చెయ్యాలో తెలియక. నర్సమ్మ టీ తాగడం చూశాక ఎదురింటి అప్ప మొదట లోపలికి వచ్చింది. వచ్చి, అత్త కాళ్ళ దగ్గర కూచుని పాదాలు పట్టింది.

మా ఆవిడ సంగతి ముందే చెప్పాల్సింది. ఒళ్ళు తుడవడం, గుడ్డలు మార్చడం, గంజి వడకట్టడం, పిల్లల్ని బడికి పంపడం, రాత్రిళ్ళు లేవడం అన్నీ ఆవిడ మీదే పడ్డాయి. నేను మందులు తెస్తున్నాను, ఆసుపత్రులు తిరుగుతున్నాను, అదే పెద్ద పననుకున్నాను. ఒకరోజు పొయ్యి దగ్గర కళ్ళు తిరిగి పడిపోయింది. ఆ రోజు వచ్చిన నర్సమ్మ అత్తకంటే ముందు ఆవిడ నాడి చూసింది. "మాస్టారూ, ఈవిడ కూచుని అన్నం తిని ఎన్నాళ్ళయింది?" అని అడిగింది. నేను చెప్పలేకపోయాను. మన ఇళ్ళల్లో మంచాన పడినవాళ్ళ సేవంటే కోడలు, లేకపోతే కూతురు. మగవాడు మందు చీటీ పట్టుకుని తిరుగుతాడు. ఇది అన్యాయం. అప్పటిదాకా నా ఇంట్లో జరుగుతున్నది కూడా అదే.

నర్సమ్మ కోళికోడ్‌లో శిక్షణ తీసుకున్న మనిషి. 1993లో అక్కడ కొద్దిమంది డాక్టర్లు నొప్పి, సాంత్వన చికిత్సకి ఒక సొసైటీ పెట్టారట. తరవాత ఊళ్ళల్లో మామూలు జనం, ఆటోవాళ్ళూ టీచర్లూ గృహిణులూ నేర్చుకుని, తమ వీధిలో మంచాన పడినవాళ్ళని తామే చూసుకోవడం మొదలైందట. 2008లో కేరళ ప్రభుత్వం దానికి ఒక విధానమే ప్రకటించింది. ఇవన్నీ మా అరుగు మీద కూచుని చెప్పి, "మీ వీధిలో ఎంతమంది ఉన్నారు?" అని అడిగింది.

ఆ సాయంత్రం అరుగు మీద వంతులు వేసుకున్నాం. చేపలకి వెళ్ళేవాళ్ళు తెల్లవారుజాము నాలుగింటికే లేస్తారు కాబట్టి నాలుగు నుంచి ఐదున్నర ఎదురింటి అప్పది. వెళ్ళేముందు అత్తని పక్కకి తిప్పి, వీపు తుడిచి వెళ్ళేది. రెండేసి గంటలకి పక్క మార్చకపోతే వీపు మీద పుళ్ళు పడతాయి. పొద్దున మందూ గంజీ మా ఆవిడవి, పుండు కడగడం నాది. మధ్యాహ్నం రెండింటికి అంగన్‌వాడీ ఆయమ్మ. సాయంత్రం వల అల్లే కుర్రాళ్ళు ఇద్దరు వచ్చి, అరుగు మీద వల పరుచుకుని పని చేసుకుంటూ చూసుకునేవాళ్ళు. మంచాన్ని ఎత్తడం, తిప్పడం వాళ్ళది. రాత్రి పది నుంచి ఒంటిగంట నాది, తరవాత మా వదినది. చేసేదేం లేదన్న ఇంట్లో పనికి ఏడుగురం చాలలేదు.

మందు లెక్కకి నేను నోటుపుస్తకం పెట్టాను. ఎదురింటి అప్ప, ఆయమ్మల్లో ఒకరికి చదువు రాదు, ఒకరికి కళ్ళజోడు లేదు. ఎదురింటి అప్పే ఉపాయం చెప్పింది. గోడ మీద తెలుగు క్యాలెండరులో ఆ తేదీ గడిలో, మందు పోసినప్పుడల్లా వేలితో కుంకం చుక్క పెట్టాలి. రోజుకి ఐదు చుక్కలు, రాత్రి చుక్క పెద్దది. ఆగస్టు గళ్ళన్నీ ఎర్రబడ్డాయి. నా నోటుపుస్తకంలో రెండుచోట్ల తప్పులున్నాయి, క్యాలెండరులో ఒక్కటీ లేదు.

ట్యూబులోంచి గంజి పోసేటప్పుడు తల ఎత్తి పెట్టాలి. నిదానంగా, దానంతటది దిగేలా పొయ్యాలి. చివర్లో నీళ్ళు పోసి ట్యూబు కడగాలి. నోరు మాత్రం తినే సోడా కలిపిన నీళ్ళతో, గుడ్డ వేలికి చుట్టి తుడిచేవాళ్ళం. ఒకరోజు వీధిలో ఎవరింట్లోనో నెత్తళ్ళ పులుసు ఉడుకుతోంది. అత్త ముక్కు ఎగబీల్చి నావైపు చూసింది. మింగలేదు కదా అని నేను తటపటాయిస్తుంటే నర్సమ్మ, "మింగడానికి కాదు, నాలిక మీద రెండు చుక్కలు" అంది. చెంచా అంచుతో రెండు చుక్కలు వేశాను. చాలాసేపు కళ్ళు మూసుకుని ఉండి, "చింతపండు తక్కువైంది" అంది అత్త.

మా బావ, అంటే అత్త కొడుకు, గుజరాత్‌లో వెరావల్ బోట్ల మీద పనిచేస్తాడు. మా పల్లెల నుంచి చాలామంది అక్కడికే పోతారు. అక్కడ వేట నిషేధం ఉన్న జూన్, జూలై నెలల్లో ఇంటికి వచ్చి, తల్లి దగ్గరే ఉన్నాడు. ఆగస్టు మొదట్లో వెళ్ళక తప్పలేదు. ఓనరు దగ్గర అడ్వాన్సు తీసుకుని, ఇంటికి రేకులు వేయించాడు. వెళ్ళేరోజు పొద్దున తనే పుండు కడుగుతానన్నాడు. వల లాగి లాగి మొద్దుబారిన చేతులు. దూది తడిపి, పిండి, గాయం మీద ఆనీ ఆనకుండా తుడిచాడు. అత్త కదల్లేదు. పని అయ్యాక అతని మణికట్టు పట్టుకుని, "ఎల్లు. బోటెక్కినాక నీళ్ళు సూసి నడు" అంది. ఆ తరవాత వాళ్ళిద్దరూ కలుసుకోలేదు.

సెప్టెంబరు ఆఖర్లో అత్త చూపు చుట్టూ తిరగడం తగ్గింది. ఒక రాత్రి, నా వంతులో, "నాను ఎల్లిపోతాను గదరా?" అని అడిగింది. అలాంటి ప్రశ్న వస్తే గబగబా లేదు లేదనకండి, ఆవిడకేమనిపిస్తోందో అడగండి అని నర్సమ్మ చెప్పి ఉంచింది. "నీకేమనిపిస్తోందత్తా?" అన్నాను. "ఎల్లిపోతాను. తలుపు మూయకండి, సప్పుడినపడాల" అంది. సముద్రం సంగతి. అప్పటినుంచి వానజల్లు కొట్టినా వీధి తలుపు మూయలేదు.

ఇక్కడ ఒక తప్పు చెప్పాలి. దసరా సెలవుల్లో చుట్టాలు వచ్చారు. "తిండి దిగకపోతే సెలైనైనా ఎక్కించరా? ఎండబెట్టి చంపేస్తారా?" అన్నారు. ఆ మాట నేను తట్టుకోలేక ఊళ్ళో మందిచ్చే ఆయన్ని పిలిచి రెండు సీసాలు ఎక్కించాను. మర్నాటికి పాదాలు ఉబ్బాయి. గొంతులో గురక మొదలైంది. నర్సమ్మ వచ్చి సెలైన్ తీసేసింది. నన్నేమీ అనలేదు. శరీరం మూసుకునే వేళ నీళ్ళు పట్టవనీ, ఆకలీ దాహం మనం అనుకునేలా ఉండవనీ, పెదవులూ నోరూ తడిపితే చాలనీ చెప్పింది. పక్కకి తిప్పి పడుకోబెట్టి, గురకకి ఇంజెక్షన్ చేసింది. ఆ సీసాలు అత్త కోసం కాదు, చుట్టాల నోరు మూయించడానికి ఎక్కించాను. అది నేను ఒప్పుకోవాలి.

అదేరోజు, వెళ్ళబోతూ, నర్సమ్మ అరుగు మీద ఆగింది. అత్త స్నేహితురాళ్ళు ముగ్గురు కూచున్నారు, ఇద్దరి నోట్లో అడ్డపొగ. "చుట్ట తీసి నోరు తెరవండమ్మా" అని టార్చి వేసింది. ఒకావిడ అంగిలి తెల్లగా ఉండి మధ్యలో ఎర్రటి మచ్చ. వాళ్ళ వెనక ఇంకో నలుగురు వచ్చి వరసగా నిలబడ్డారు. ఆ మచ్చ ఉన్నావిడని తరవాత వారం మా ఆటో కుర్రాడు ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ముక్క తీసి చూశారు, ఇంకా క్యాన్సర్ కాలేదు. ఆవిడ చుట్ట మానేసింది. మిగతావాళ్ళు మానలేదు.

దసరా వెళ్ళిన మర్నాడు, మధ్యాహ్నం. వీధిలోకి రేషన్ బండి వచ్చింది, సగం వీధి సంచులు పట్టుకుని వరసలో ఉంది. రెండింటి మందు పోద్దామని ఆయమ్మ మాత్ర నూరుతోంది. అత్త పాదాలు పొద్దుటి నుంచీ చల్లగా ఉన్నాయి, మోకాళ్ళ దగ్గర చర్మం నీలంగా మచ్చలు కట్టింది. ఊపిరి కాసేపు ఆగి, మళ్ళీ గబగబా వచ్చి, మళ్ళీ ఆగుతోంది. అలా ఉంటుందని మాకు ముందే చెప్పారు కాబట్టి ఎవరం గాభరా పడలేదు, ఆసుపత్రికి పరిగెత్తలేదు. వదిన తల దగ్గర, మా ఆవిడ చెయ్యి పట్టుకుని, నేను కాళ్ళ దగ్గర. ఒకసారి ఆగిన ఊపిరి మళ్ళీ రాలేదు. మొహంలో ముడత లేదు. ఆయమ్మ నూరిన మందు గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. క్యాలెండరులో ఆ రోజు గడిలో రెండే చుక్కలు.

బావ బోటు సముద్రం మీద ఉంది. తొమ్మిదో రోజు వెరావల్ రేవుకి వచ్చాక ఫోన్ చేశాడు. నేను చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తరవాత ఒకటే అడిగాడు, "నొప్పేసిందేటిరా అమ్మకి?" అని. లేదు బావా అన్నాను. అబద్ధం చెప్పాల్సిన అవసరం రాలేదు నాకు.

మూడు నెలలూ కాస్త పైనా అత్త మా ఇంట్లో నొప్పి లేకుండా ఉంది. అందులో గొప్ప వైద్యమేం లేదు. ఒక మాత్ర, గాజుగుడ్డ, గంజి, స్కూటీ మీద వచ్చే ఒక నర్సు, వంతులు వేసుకున్న ఏడుగురు. మీ వీధిలో ఎవరినైనా ఇంటికి తీసుకెళ్ళిపొమ్మని పంపేస్తే గుమ్మం దగ్గర ఆగి అడిగి వెళ్ళకండి. లోపలికి వెళ్ళి, ఏ వేళ రమ్మంటారో అడగండి. రెండు గంటలు చాలు.

పెద్దకర్మ అయిన మర్నాడు అగనంపూడి వెళ్ళాను. మార్ఫిన్ మిగిలితే ఇంట్లో ఉంచకూడదు. కిటికీ దగ్గర మాత్రలు కాగితం మీద పోసి లెక్కపెట్టారు. పద్నాలుగు. తిరిగి తీసుకుని, రిజిస్టరులో అత్త పేరు పక్కన అంకె వేశారు. నేను సంతకం పెట్టాను.